పెళ్లిలో చేత్తో చేసేవి: ఏవి, ఎన్ని, ఎప్పుడు

హైదరాబాద్‌లో పెళ్లి పనులు మొదలుపెట్టిన కుటుంబాల కోసం చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

భద్రాచలంలో శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం జరుగుతుంది కదా. ఆ కల్యాణానికి గోటి తలంబ్రాలు పంపే భక్తులున్నారు, గోదావరి అవతల కోరుకొండ వైపు. ఆ వడ్లు రోకలితో దంచరు, మిల్లులో ఆడించరు. ఒక్కొక్క గింజా గోటితో ఒలుస్తారు. ఆ వడ్లు కూడా ఆ పని కోసమే పండిస్తారు. అంటే చైత్రంలో జరిగే పెళ్లికి పని నాట్లప్పుడే మొదలైందన్నమాట. గింజ విరగకూడదు, తేదీ మారదు. అందుకే ఎన్ని చేతులు, ఎన్ని రోజులు అన్నది ముందే తేల్చుకుంటారు. మనింట్లో పెళ్లికి చేత్తో ఏం చేయాలన్నా ఇదే పద్ధతి. ముందు లెక్క, తర్వాత అందం.

పెళ్లి కుదరగానే ఫోన్‌లో వంద ఫొటోలు దాచుకుంటాం. ఆ వందలో నాలుగైదు చేస్తే చాలు. ఏ నాలుగైదు? తంతులో చేతికొచ్చేవి. అడ్డుతెర, బాసికాలు, కొబ్బరిబొండాం, తలంబ్రాలు, తాంబూలం సంచి. వీటిని పెళ్లికూతురు పట్టుకుంటుంది, పెళ్లికొడుకు నుదుట కడతారు, అతిథి ఇంటికి తీసుకెళ్తాడు. చేతిపని విలువ ఇంత దగ్గరనుంచి చూస్తేనే తెలుస్తుంది. హాలు గుమ్మం దగ్గర ఇరవై అడుగుల కమాను మీద మీరు మూడు వారాలు కూర్చుని చేసిన కాగితం పూలు పెడితే, కింద నుంచి చూసేవాడికి అవి బజార్లో కొన్నవాటిలాగే కనిపిస్తాయి. ఆ కమాను డెకరేషన్ వాళ్లకు వదిలేయండి.

తాంబూలం సంచితో మొదలుపెడతాను, లెక్క అంతా అందులోనే ఉంది కాబట్టి. ముందు ఎన్ని కావాలో చూద్దాం. సంచి మనిషికొకటి కాదు, కుటుంబానికొకటి. 500 మంది వస్తారంటే 200 నుంచి 250 సంచులు సరిపోతాయి. 200 అనుకుందాం. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు ఉన్న సంచికి 9 అంగుళాలు, 22 అంగుళాల ముక్క కత్తిరించాలి. అటూ ఇటూ కుట్టుకు అర అంగుళం చొప్పున, పైన మడతకు అంగుళం చొప్పున పోతుంది, అడుగున మడతే కాబట్టి అక్కడ కుట్టు ఉండదు. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డ మీద ఈ ముక్కను ఎటు పెట్టి కత్తిరిస్తారన్నది చాలా ముఖ్యం. 22 అంగుళాల వైపు పన్నాకు అడ్డంగా పెడితే వరసకు రెండు ముక్కలు సరిగ్గా పడతాయి, 25 మీటర్లలో 218 సంచులు వస్తాయి. నిలువుగా పెడితే వరసకు నాలుగు ముక్కలు వచ్చి, పక్కన 8 అంగుళాల గుడ్డ పీలికలా మిగిలిపోతుంది. అదే 25 మీటర్లలో 176 సంచులే వస్తాయి. కత్తెర ఒకవైపు తిప్పితే 42 సంచులు ఎక్కువ. ఒక జాగ్రత్త: అడ్డంగా కత్తిరించడానికి పన్నా నికరంగా 44 ఉండాలి. కొన్ని గుడ్డలు అంచులు తీసేస్తే 42 కూడా ఉండవు. కొట్టులోనే టేపు పెట్టి కొలవండి. సంచికి రెండు చేతిపట్టీలు, ఒక్కోటి 12 అంగుళాలు. 200 సంచులకు నాడా 122 మీటర్లు అవుతుంది. ఈ లెక్క వేయకుండా రెండు చుట్టలు తెచ్చుకుని మధ్యలో ఆగిపోతారు. మళ్లీ వెళ్తే అదే రంగు దొరకదు.

ఇక సమయం. ఒక సంచి కుట్టి గడియారం చూడమంటారు అందరూ. ఆ ఒకటి మొదటిది కాకూడదు, పదోది కావాలి. మొదటి సంచికి అరగంట పడుతుంది, పదోదానికి చెయ్యి తిరిగి 12 నిమిషాల్లో అయిపోతుంది. 200 సంచులు 12 నిమిషాల చొప్పున 2400 నిమిషాలు, అంటే 40 గంటలు. ముగ్గురు కూర్చుంటే మనిషికి 13 గంటల పైచిలుకు. నాలుగు సాయంత్రాల పని. ఇదే పని ఒక్కరి మీద పడితే రోజుకు రెండు గంటల చొప్పున 20 రోజులు. ఈ లెక్క కాగితం మీద పెట్టాకే గుడ్డ కొనండి. లెక్క భయపెడితే సంచులు టైలరుకు ఇచ్చి, మీరు దాని మీద ఒక్క అచ్చు వేయండి. అప్పుడూ అది మీ చేతిపనే.

కుట్టేటప్పుడు చేతిపట్టీ అతుకు దగ్గర ఒట్టి గీతలా కుట్టకండి. చిన్న చదరం కుట్టి దానిలో మూల నుంచి మూలకు రెండు కుట్లు వేయండి. లోపల కొబ్బరికాయ ఉంటుంది, అది అర కిలో పైన. ఒట్టి కుట్టయితే పార్కింగ్ దాకా వెళ్లేలోపే ఊడిపోతుంది. తమలపాకు, అరటిపండు సంచిలో ఆ రోజే పెట్టాలి. కుంకుమ విడిగా మూతి బిగించిన చిన్న ప్యాకెట్‌లో పెట్టండి. తమలపాకు తడి, కుంకుమ కలిస్తే సంచీ, రవిక గుడ్డా రెండూ పాడవుతాయి.

ఇంకో విషయం. చేసే వస్తువులన్నీ ఒక జాబితాగా కాకుండా మూడు గూళ్లుగా విడదీయండి. ఎప్పటికీ చెడనివి మొదటి గూట్లో: సంచులు, అడ్డుతెర, బాసికాలు, శుభలేఖలు. ఇవి రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టి, పెళ్లికి 15 రోజుల ముందు ముగించాలి. వారంలో చెడేవి రెండో గూట్లో: తలంబ్రాలు, అక్షింతలు, రంగులేసిన కొబ్బరిబొండాం. ఒక్క రోజులో వాడేవి మూడో గూట్లో: పూలు, మామిడాకులు, తమలపాకులు. గొడవంతా మూడో గూటితోనే. పెళ్లి ముందు రోజు ఇంట్లో చుట్టాలుంటారు, ప్రధానమో మెహందీనో ఉంటుంది, పెళ్లికూతురి అమ్మకు కూర్చునే తీరిక ఉండదు. అందుకని మూడో గూట్లో ఎప్పుడూ ఒక్క వస్తువే పెట్టుకోండి. రెండు పెట్టుకుంటే రెండోది తెల్లవారుజామున సగంలో ఆగిపోతుంది.

శుభలేఖల దగ్గరికొద్దాం. మనవాళ్లు చాలామంది ఛత్తాబజార్‌కే వెళ్తారు, మంచిదే. డిజైన్ మీరే చేసుకుని అచ్చుకు ఇవ్వాలనుకుంటే రెండు చిక్కులున్నాయి. మొదటిది తెలుగు అక్షరం. మీరు ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్. అచ్చు వేసే చాలా కొట్లలో ఇంకా యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లు వాడతారు. మీరు వాట్సాప్‌లో పంపింది అక్కడ అతికించగానే ఒత్తులు విడిపోతాయి, 'క్ష' రెండు ముక్కలవుతుంది, 'శ్రీ' విరిగిపోతుంది. కంప్యూటర్‌లో మీరే చేసినా, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల అమరిక ఎంచుకోకపోతే ఇదే జరుగుతుంది. మీ దగ్గర అక్షరాలు సరిగ్గా వచ్చాక వాటిని ఆకారాలుగా మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ఆకారంగా మారాక ఇక విరగడానికి అక్షరం అంటూ ఉండదు. కానీ తప్పు దిద్దడానికీ వీలుండదు, కాబట్టి మార్చే ముందే ఇద్దరు పెద్దవాళ్లతో చదివించండి. ఇంటిపేరు, గోత్రం, 'చి.', 'చి.ల.సౌ.' అన్నీ వాళ్ల కంటికే దొరుకుతాయి. తుది నమూనా తెర మీద చూసి సరే అనకండి, కాగితం మీద ఒకటి తీయించుకోండి.

రెండో చిక్కు ముహూర్తం తేదీ. రాత్రి 2 గంటల 40 నిమిషాలకు ముహూర్తం అనుకోండి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, కాబట్టి అది ఇంకా బుధవారమే. క్యాలెండర్‌లో మాత్రం అర్ధరాత్రి దాటింది, గురువారం. 'బుధవారం రాత్రి 2.40' అని మాత్రమే వేస్తే సగం మంది ఒక రోజు ముందు రాత్రే వస్తారు. 'బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం' అని వేసి, రెండు తేదీలూ రాసి, కింద విందు సమయం విడిగా ఇవ్వండి. ముఖ్యంగా అమెరికా నుంచి వచ్చేవాళ్లకు టికెట్ బుక్ చేసే ముందే ఈ సంగతి ఫోన్ చేసి చెప్పండి.

కాగితం గురించి ఒక్క మాట. చాలా ఇంటి ప్రింటర్లలో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) అట్ట దూరదు, వంగి ఇరుక్కుంటుంది. చేతి తయారీ గరుకు కాగితం మీద లేజర్ ప్రింట్ తీస్తే మడత దగ్గర పొడిలా రాలుతుంది. ఇంక్‌జెట్ అయితే మూలల్లో పసుపు రాసేటప్పుడు తడి తగిలి అక్షరాలు పాకుతాయి. గరుకు కాగితం మీద స్క్రీన్ ప్రింటింగే నిలుస్తుంది. పసుపు ముద్ద గట్టిగా కలుపుకుని, వేలితో కాకుండా దూది చుట్టిన పుల్లతో అద్దండి. గాలికి ఆరాకే కవర్లో పెట్టండి. తడి మీద పెడితే ఒక కార్డు మరక ఇంకో కార్డుకు అంటుకుంటుంది.

అడ్డుతెర. ఇది చేతిపనికి అన్నిటికన్నా అనువైన వస్తువు, నా మాట నమ్మండి. ఒక్కటే చేయాలి, దీర్ఘచతురస్రంగా ఉంటుంది, జీలకర్ర బెల్లం పెట్టేదాకా అందరి కళ్లూ దాని మీదే. కొలత 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. ఇద్దరు చెరో కొస పట్టుకుని నిలబడాలి, మంత్రాలు ఎంతసేపైనా సాగవచ్చు. అద్దాలు, పూసలు కుట్టి బరువు చేస్తే మధ్యలో సాగి కిందకు వేలాడుతుంది, పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఒకరికొకరు కనిపించేస్తారు. మొత్తం బరువు అర కిలో లోపు ఉంచండి. పైఅంచులో సన్నటి గొట్టంలా కుట్టి దానిలో తేలికైన వెదురు పుల్ల దూర్చితే తెర సాగదు.

గుడ్డ కొత్తది తేగానే ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే ఫ్యాబ్రిక్ కలర్ పైపైన నిలిచి పెచ్చులూడుతుంది. వేశాక 24 గంటలు ఆరనిచ్చి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే రంగు పడుతుంది. అందరూ మరిచిపోయేది ఇంకోటుంది. తెరకు రెండు వైపులా మనుషులున్నారు. ఇటు నుంచి పేర్లు బాగా కనిపిస్తే, అటు నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, ఫొటోల్లోనూ అలాగే పడతాయి. ఒక పొర గుడ్డ మీద అక్షరాలు వేయకండి, ఎటు చూసినా ఒకేలా ఉండే తామరపువ్వు లాంటిది వేయండి. పేర్లు కావాలనుకుంటే రెండు పొరలు చేసి, ఇటువైపు పొర మీద ఒకసారి, అటువైపు పొర మీద ఒకసారి వేసి కలిపి కుట్టండి. రెండు పొరలకూ పల్చటి నూలు గుడ్డే తీసుకోండి.

బాసికాలు చిన్నవే, కానీ గంటలకొద్దీ నుదుటి మీద ఉంటాయి. పక్కనే హోమం, పొగ, చెమట. 4 నుంచి 5 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం ఎత్తు చాలు. పలుచటి గట్టి అట్ట మీద ఎర్ర గుడ్డ చుట్టి, పైన జరీ, పూసలు కుట్టండి. అతికించడంకన్నా కుట్టడం మేలు. గ్లూ గన్‌తో అతికిస్తే వెనక జిగురు గడ్డలు కట్టి నుదుటికి గుచ్చుకుంటాయి. వెనక మెత్తటి నూలు గుడ్డ వేయండి. కట్టే దారం పసుపు రాసిన నూలుదారమే కావాలి. శాటిన్ రిబ్బన్ నూనె రాసిన జుట్టు మీద ముడి నిలవక జారిపోతుంది. తలంబ్రాల సమయానికి కళ్ల మీదకు వస్తుంది.

కొబ్బరిబొండాంలో తప్పు కొనేటప్పుడే జరుగుతుంది. నీళ్లు నిండిన పచ్చిబొండాం ఒకటిన్నర, రెండు కిలోలు తూగుతుంది. పెళ్లికూతురు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని గౌరీపూజ నుంచి మండపం దాకా రావాలి. చిన్నది, ముదిరి ఎండినది తీసుకోండి. తడి పీచు మీద రంగు వేస్తే లోపలి తేమకు బూజు పడుతుంది, రంగు పొరలుగా లేస్తుంది. వారం రోజులు నీడలో ఆరబెట్టి, ఎమ్రీ పేపర్‌తో రుద్ది, తెల్ల ప్రైమర్ ఒక పూత, ఆపైన అక్రిలిక్ రంగు వేయండి. రాళ్లు, లేసులు గ్లూ గన్‌తో అతికిస్తే ఎండాకాలం ఒక సంగతి గుర్తుంచుకోండి. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి జిగురు మెత్తబడి లేసు జారుతుంది. బొండాం డిక్కీలో వదలకుండా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి. కొన్ని ఇళ్లలో దీనికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టడమే ఆచారం, రంగు ఒప్పుకోరు. పని మొదలుపెట్టే ముందు మేనత్తనో నాయనమ్మనో అడగండి.

ఆచారం మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. తెలంగాణ పెళ్లిళ్లలో ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చుకుంటాం. వాటి మీద ముగ్గులు మేమే బాగా వేస్తామని ముందే తెచ్చేసుకుని రంగులు పులమకండి. ఆ కుండ ఇచ్చేవారికి ఆ తంతులో స్థానముంది, కానుక ఉంది. చేతిపని మీద మనకున్న ఇష్టం ఇంకొకరి చేతిపనిని పక్కకు తోయకూడదు. అంతగా ముచ్చటగా ఉంటే హల్దీ రోజున నీళ్లు పెట్టే ముంతల మీద వేసుకోండి. ముంత బయటివైపే రంగు వేయాలి, లోపల వేస్తే నీళ్లలో కలుస్తుంది.

తలంబ్రాలు. కిలో బియ్యానికి రెండు చెంచాల నెయ్యి, ఒకటిన్నర చెంచా పసుపు. విరగని బియ్యం ఏరుకోండి, నూకలు పనికిరావు. ముందు నెయ్యి పట్టించి, తర్వాత పసుపు చల్లి కలపాలి. నీళ్లు మాత్రం వేయకండి. తడి తగిలితే ఉండలు కడతాయి, డబ్బాలో పెడితే రెండో రోజుకు ముక్కిన వాసన వస్తుంది. పెళ్లికి రెండు రోజుల ముందు చేసి, పళ్లెంలో నీడలో ఆరబెట్టండి. అతిథుల అక్షింతలకు మనిషికి 10 గ్రాములు లెక్కేస్తే 500 మందికి 5 కిలోలు. రంగు రంగుల తలంబ్రాలు కావాలంటే ముందు ఒక పరీక్ష: నాలుగు గింజలు తడి తెల్ల రుమాలులో వేసి నలపండి. రుమాలుకు రంగు అంటితే మధుపర్కాలకూ అంటుతుంది. థర్మకోల్ బంతులు వద్దేవద్దు. ఫ్యాను గాలికి లేచి అతిథుల భోజనాల్లో పడతాయి, పట్టుచీరకు అంటుకుని వదలవు. మెరుపుల పొడి కళ్లలో పడుతుంది. ముత్యాలు కలిపితే మాత్రం వేదిక మీద నడిచేవాళ్ల గురించి ఆలోచించండి. నున్నటి నేల మీద గుండ్రటి ముత్యం కాలి కింద పడితే పెద్దవాళ్లు జారిపడతారు. కిందపడినవి వెంటనే ఊడ్చడానికి ఒకరికి చీపురు అప్పగించండి.

పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్ ఉంది. తెల్లవారుజామున వెళ్లండి. బలమైన ముహూర్తం ఉన్న రోజు ఊరంతా అక్కడే ఉంటుంది, ధరలు పెరుగుతాయి, కాబట్టి కొట్టువాడికి రెండు రోజుల ముందే చెప్పి ఉంచండి. పెళ్లి దండలు మాత్రం కట్టేవాళ్లకే ఇవ్వండి. ఇంట్లో కట్టిన దండ అరగంటకు ఒకవైపు జారుతుంది, మధ్యలో దారం కనిపిస్తుంది. ఇంట్లో చేయదగ్గవి బంతి తోరణాలు, పూలజడ. మధ్యరకం బంతిపూలు బిగుతుగా గుచ్చితే కిలోకు సుమారు 12 అడుగులు వస్తుంది. పూల సైజుని బట్టి ఇది మారుతుంది, ముందుగా ఒక కిలో గుచ్చి కొలుచుకోండి. పువ్వు తొడిమ దగ్గర నుంచి నడిబొడ్డుకు గుచ్చాలి, పక్కనుంచి గుచ్చితే రేకలు రాలతాయి. మామిడాకులు కడిగి తడి తుడిచి, తడిగుడ్డలో చుట్టి ఉంచి, పురికొస మీద మడిచి ఈనెపుల్లతో గుచ్చండి. అడుగుకు ఆరు ఆకులు.

పూలజడకు మొగ్గలు కావాలి, విచ్చిన పూలు పనికిరావు. ఉదయం తెచ్చిన మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. రాత్రి ముహూర్తమైతే మధ్యాహ్నం కుట్టండి. పొద్దున ముహూర్తమైతే మొగ్గలను తడిగుడ్డలో చుట్టి చల్లగా ఉంచి, రాత్రి కుట్టాలి. మాఘమాసం పెళ్లిళ్లకు మల్లె అంతగా దొరకదు, లిల్లీ మొగ్గలు, చామంతులతో చేసుకోండి.

హల్దీకి వెనక తెర కట్టుకునేవాళ్లకు లెక్క చెప్తాను. తెర వెడల్పుకు రెండింతల గుడ్డ ఉంటేనే కుచ్చిళ్లు పడతాయి. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తుకు 44 అంగుళాల పన్నా గుడ్డ ఆరు ముక్కలు, ఒక్కోటి 9 అడుగులు, మొత్తం పదహారున్నర మీటర్లు. మే నెలలో సాయంత్రం గాలిదుమారం లేస్తుంది కదా, ఫామ్‌హౌస్‌లో అయితే స్టాండు కాళ్లకు ఒక్కోదానికి 20 లీటర్ల నీళ్ల క్యాను కట్టండి. పాలిస్టర్ గుడ్డ దీపాలకు, హోమానికి కనీసం 6 అడుగుల దూరంలో ఉండాలి. అది కాలడం కంటే ముందు కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఇవన్నీ చేసే ముందు హాలువాళ్లను నాలుగు ప్రశ్నలు అడగండి. గోడకు మేకు, టేపు ఒప్పుకుంటారా? బయటి డెకరేషన్ రానిస్తారా? హాలు ఏ గంటకు చేతికిస్తారు? నిచ్చెన ఉందా? నిచ్చెన చిన్న విషయంలా ఉంటుంది, కానీ పది అడుగుల ఎత్తున కట్టాల్సిన తోరణం చాలాసార్లు దాని దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ... మూడో వరసలో అమ్మగారు పారాణి ఇంట్లో చేయవచ్చా అంటున్నారు. చేయవచ్చు. చెంచా పసుపులో శనగగింజంత తడి సున్నం వేసి, నీటి చుక్కలతో కలిపితే ఎర్రబడుతుంది. సున్నం ఎక్కువైతే చర్మం మండుతుంది, ముందు మణికట్టు లోపల కొంచెం రాసి పది నిమిషాలు చూడండి. నల్లగా పండే మెహందీ కోన్లు మాత్రం కొనకండి. గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. జుట్టుకేసే రంగు మందు కలిపితేనే ఆ నలుపు వస్తుంది, దానితో బొబ్బలొస్తాయి.

ఇంకొకరు మధుపర్కాల మీద పసుపు మరకల గురించి అడుగుతున్నారు. సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, భయపడకండి. పసుపుకు సున్నం తగిలినా, సబ్బు తగిలినా జరిగేది ఒకటే. నీళ్లతో బాగా జాడిస్తే మళ్లీ పసుపురంగుకు వస్తుంది. బ్లీచింగ్ వేయకండి, నూలు బలహీనపడుతుంది. తడిగా ఉండగానే ఎండలో ఆరేయండి. రెండు మూడు ఎండలకు పసుపు వెలిసిపోతుంది. ఆరేసేటప్పుడు జరీ అంచు మాత్రం ఎండ తగలకుండా లోపలికి మడవండి.